బావగారి కారు తెర మీద గీతలు

షాపు, గాజు బల్ల వెనక
జనవరి 9

ఇందుమూలముగా లోకంలోని యావన్మంది బావలకూ, విశేషించి మూడేళ్లుగా నాతో నోరు విప్పని మా ఏకైక బావగారికీ తెలియజేయడమైనది ఏమనగా:

ఈ కవరులో రెండు అట్టల నడుమ శయనించి వస్తున్నది స్క్రీన్ గార్డు అనబడే ఒక పల్చటి పొర. దీన్ని అతికించిన క్షణం నుంచి మీ కారులో దారి చూపించే తెర దీని ఏలుబడిలోకి వస్తుంది. గోళ్లు, ఉంగరాలు, తాళంచెవులు, గొడుగు కొసలు, అక్క అంట్ల పీచు మొదలైన శత్రుమూకలు సరిహద్దు దాటరాదు. దాటినచో కఠినశిక్ష. శిక్ష ఏమిటో ఇంకా ఆలోచించలేదు.

చాటింపు అయిపోయింది. ఇక మామూలు మాటలు.

అక్క ఫోన్ చేసింది. "మీ బావకి ఎండలో తెర కనపడటం లేదట్రా, గీతలు కూడా పడుతున్నాయట, నీ షాపులో ఏదైనా ఉంటే పంపు" అంది. వెనక నుంచి "నేనడిగానని చెప్పకు" అన్న గొంతు కూడా వినపడింది. మూడేళ్ల తర్వాత విన్నాను ఆ గొంతు. కాస్త బొంగురుపోయినా కోపం మాత్రం కొత్తగానే ఉంది.

మీరు కారు కొన్న రోజున తెర మీద పగులు బొమ్మ స్టిక్కరు అంటించింది నేనే. కాదనను. కానీ మీరు నేరుగా కారు కొన్నచోటికి వెళ్లి, మేనేజరు చొక్కా పట్టుకుని, పదిమంది ముందు "పగిలిన సరుకు అంటగడతారా" అని అరుస్తారని నేను కలగన్నానా? ఆయన గోటితో పగులును ఊడబెరికి మీ చేతిలో పెట్టాడట. ఆ దృశ్యం చూడలేకపోయానే అన్న బెంగ నాకు ఇప్పటికీ ఉంది.

సరే. తెరను మెత్తటి గుడ్డతో తుడవండి. దుమ్ము కణం ఒక్కటి మిగిలినా దాని చుట్టూ బుడగ లేస్తుంది. అది ఇంటి పెద్దల అలక లాంటిది, ఎంత నొక్కినా పక్కకి జరుగుతుందే గాని పోదు. ఒక అంచు ఆనించి మెల్లగా వదలండి. కొలతలు అక్క స్కేలుతో కొలిచి చెప్పింది, కోసింది నేనే, నా చేత్తో.

మీ బావమరిది

—

ఇల్లు, కారు షెడ్డు
జనవరి 27

బావమరిదికి,

నీతో నోటితో మాట్లాడనని ఒట్టు పెట్టుకున్నాను. చేత్తో రాయనని పెట్టుకోలేదు. కనుక ఒట్టు ఒట్టుగానే ఉంది.

నీ పొరను ముందు నీళ్లలో ముంచి చూశాను. తర్వాత ఎండలో పెట్టి చూశాను, వేడికి బల్లి బొమ్మో బూతుమాటో తేలుతుందేమోనని. ఏమీ తేలలేదు. దాంతో నా అనుమానం ఇంకా పెరిగింది. అయినా అతికించాను.

నా బతుకు నీకు తెలుసు. పొద్దున నలుగురు టీచరమ్మల్ని బడికి దింపాలి, సాయంత్రం ఇళ్లకు చేర్చాలి. పోయేటప్పుడు సూర్యుడు ఎదురే, వచ్చేటప్పుడూ ఎదురే. మధ్యలో వంతెన పని. రోజుకో చోట దారి మళ్లిస్తున్నారు, తెర చూడకుండా బండి నడపడం కుదరదు. అలాంటి తెర మీద తొమ్మిది రోజులకే గీతలు పడ్డాయి! కుడివైపు పైన, సన్నగా, జుట్టు రాలినట్టు. ఎండ పడితే ఒక్కొక్క గీత చుట్టూ తెల్లగా మెరుపు లేచి దారంతా పాలు ఒలికినట్టు అయిపోతోంది.

ఎవరి పనో నాకు తెలుసు. ముందు సీట్లో లెక్కల టీచరు కూర్చుంటుంది. ఆవిడ గొడుగు కొస తెర వైపే ఉంటుంది. "గొడుగు దించుకోండమ్మా" అంటే "మీ తెరకి నా గొడుగుకి మధ్య జానెడు దూరం ఉంది, కొలిచి చూపించనా" అంది. లెక్కల మనిషి కదా, దొంగతనం కూడా కొలిచి చేస్తుంది.

సాక్ష్యంగా నీ పొర ఊడదీసి తిరిగి పంపుతున్నాను. గీతలు చూసుకో. కొత్తది పంపు.

బావ

—

షాపు
ఫిబ్రవరి 6

బావగారికి నమస్కారాలు.

సాక్ష్యం అందింది. ట్యూబులైటు కింద పెట్టి తిప్పితిప్పి చూశాను. నా చూపు చాలక మా ఆవిడకి, అదే మీ చెల్లెలి చేతికిచ్చాను. ఆవిడ బియ్యంలో రాయిని మూడు గజాల దూరం నుంచి పట్టే మనిషి. "దీని మీద గీత లేదు, గాడిదగుడ్డూ లేదు. మీ బావకి ఇంకో పొర ఊరికే కావాలేమో" అంది. ఆ మాట ఆవిడదే, నాది కాదు. నేను లోపల అనుకున్నాను, అంతే.

నిజం చెప్పండి బావా. స్టిక్కరు సంగతికి ఇన్నాళ్లకి బదులు తీర్చుకుంటున్నారా? లేని గీతలు చూపించి నన్ను ఆడిస్తున్నారా? అలా అయితే మీకు దండం, నాకో వారసుడు దొరికాడు.

ఈసారి మ్యాట్ రకం పంపుతున్నాను, పాడైతే ఉంటుందని ఒకటి అదనంగా. ఇది అద్దంలా మెరవదు, ఎండను మింగేస్తుంది. తోడుగా నల్ల అట్టతో ఒక టోపీ చేశాను, తెర నెత్తిన పెట్టండి, నీడ పడుతుంది. ఇన్ని పెట్టినా పాలు ఒలికితే ఇక గేదెనే అనుమానించాలి.

బావమరిది

—

కారు షెడ్డు
ఫిబ్రవరి 25

బావమరిదికి,

లెక్కల టీచరును వెనక సీటుకు పంపాను. ఆవిడ స్థానంలో పాటల టీచరు కూర్చుంటోంది. ఆవిడకు గొడుగు లేదు, ఉంగరం లేదు, గోళ్లు కూడా లేవు, కొరుక్కుంటుంది. అయినా గీతలు పడ్డాయి. అదే చోట, కుడివైపు పైన.

అప్పుడు నా బుర్రకి వెలిగింది, దొంగ ఇంట్లోనే ఉందని. మీ అక్కకి ఏది కనపడితే అది పీచుతో తోమే జబ్బు ఉంది. ఒకసారి నా కళ్లద్దాలు తోమింది. అందుకని రాత్రి బండి పెట్టేటప్పుడు నాలుగు తలుపుల సందుల్లోనూ నా జుట్టే ఒక్కో వెంట్రుక తడిపి అంటించాను, తలుపు తీస్తే తెగిపోయేలా. నాకున్నవే లెక్కపెట్టేన్ని, అందులో నాలుగు పోగొట్టుకున్నాను. వారం రోజులు చూశాను. ఒక్క వెంట్రుకా తెగలేదు. గీతలు మాత్రం ఇంకో రెండు పెరిగాయి.

కారులోకి ఎవరూ రాలేదు. మరి గీతలు ఎలా వచ్చాయి? పంపినవాడు లోపలే దాచి పంపితే వస్తాయి. నువ్వు ఎండ తగిలిన కొద్దీ గీతలు తేలే మందు ఏదో రాసి పంపుతున్నావు. మీ షాపుల్లో దొరకని మాయ ఉందా? అందుకే గీతలు లేవని బుకాయిస్తున్నావు. పొర తిరిగి పంపుతున్నాను. ఏం కలిపావో మర్యాదగా రాయి.

బావ

(కవరు మడత లోపల, పెన్సిలుతో: తమ్ముడూ, ఆయన చూడకుండా రాస్తున్నా. తెర మీద గీత అన్నది నాకు ఒక్కటీ కనపడలేదు. ఆయనతో అంటే నన్నే దొంగంటాడు. మొన్న బండి లోపలికి తెస్తూ గేటు స్తంభాన్ని గీకేశాడు, స్తంభం ముందుకు జరిగిందంటాడు. నాకు భయంగా ఉందిరా. ఇంకోటి, నీ కత్తెర ఈమధ్య తాగినట్టు నడుస్తోంది, రెండు పొరలూ ఒక పక్క వంకర. అక్క)

—

షాపు
మార్చి 4

బావా,

ఈ ఉత్తరంలో ఒక్క వెటకారం కూడా లేదు. వెతికి అలసిపోకండి.

రెండో పొర మీద కూడా గీత లేదు. నేను చూశాను, మీ చెల్లెలు చూసింది, పక్క షాపులో గడియారాలు బాగుచేసే ముసలాయన కంటికి భూతద్దం తగిలించుకుని చూశాడు. మందూ లేదు, మాయా లేదు. గొడుగుది తప్పు కాదు, అక్కది కాదు, నాదీ కాదు.

ఎండలో తెల్లగా మెరుపు విచ్చుకోవడం, పాలు ఒలికినట్టు అవడం, ఎన్ని పొరలు మార్చినా అదే చోట గీతలు ఉండటం, ఇవన్నీ తెరకు వచ్చే రోగాలు కావు బావా. కంటికి వచ్చేవి. మీకు శుక్లం వస్తోందని నా అనుమానం. డాక్టరుకు చూపించండి. చూపించేదాకా టీచరమ్మల్ని ఎక్కించుకోకండి. మీ బండిలో నలుగురు కూర్చుంటున్నారు.

బావమరిది

—

కారు షెడ్డు
మార్చి 11

ఒరేయ్,

మూడేళ్ల కింద తెర పగిలిందన్నావు, నమ్మాను. ఊరంతా నవ్వింది. ఇప్పుడు కన్ను పగిలిందంటే నమ్మాలా? "ఇందులో వెటకారం లేదు" అని మొదటే రాశావే, అక్కడే దొరికిపోయావు. పిల్లి పాలు తాగలేదని ప్రమాణం చేసినట్టుంది. నేను డాక్టరు దగ్గరికి పోతే ఆయన "ఏమీ లేదయ్యా" అంటాడు, నువ్వు షాపులో కూర్చుని పొట్ట పట్టుకు నవ్వుతావు. ఆ గడియారాల ముసలాయనకి కూడా చెప్పి పెట్టుంటావు.

నాకు కంట్లో ఏ లోటూ లేదు. శనివారం ఒక సైకిలువాడు ఎండలోంచి ఊడిపడ్డాడు. బ్రేకు వేశాను, వాడికి బండికి మధ్య బెత్తెడు మిగిలింది. "కళ్లు కనపడవా" అని వాడు నన్నే తిట్టాడు! లెక్కల టీచరు దిగేటప్పుడు, సోమవారం నుంచి తను బస్సులో వెళ్తానంది. పొగరు.

ఇక నుంచి పొరలు పంపకు.

బావ

—

షాపు
మార్చి 15

బావా,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఆ బెత్తెడు నన్ను నిలవనియ్యలేదు.

ఇప్పుడు రాసేది ఎవరికీ చెప్పనిది. అక్కకి చూపించకండి, చదివి చింపేయండి.

నాకూ వచ్చింది బావా, అదే జబ్బు. పోయిన సంవత్సరం. పొర కింద బుడగ కనపడక వదిలేసేవాణ్ణి, మనుషులు తిరిగొచ్చి తిట్టేవారు. కళ్లు సరిగా లేని స్టిక్కర్లవాడి షాపుకి ఎవడొస్తాడు? అందుకే నోరు మూసుకున్నాను. సరుకు కొనడానికి వెళ్తున్నానని మీ చెల్లెలికి చెప్పి, రెండు రోజులు వేరే ఊళ్లో ఉండి ఆపరేషన్ చేయించుకున్నాను. ఆవిడకి ఇవాళ్టికీ తెలియదు.

ముఖం మీద ఆకుపచ్చ గుడ్డ కప్పారు. డాక్టరు ఈల వేసుకుంటూ చేశాడు. అరగంట కూడా పట్టలేదు. రెండు కుట్లు వేశాడు. చీమ కుట్టినట్టు ఉంటుంది, అంతకంటే ఏమీ లేదు, ఆ చీమ కూడా బాగా మర్యాదస్తురాలు. కట్టు విప్పాక ఇంటికొస్తే మీ చెల్లెలికి పై పెదవి మీద పుట్టుమచ్చ కనపడింది. ముప్పై ఏళ్ల కాపురంలో అది ఉందనే మర్చిపోయాను.

నన్ను నమ్మకండి. నన్ను నమ్మడం మీ ఒంటికి పడదు. కానీ ఒక పని చేయండి, దీనికి డాక్టరు అక్కర్లేదు, నేనూ అక్కర్లేదు. పొద్దున ఎండ తెర మీద పడేలా బండి నిలపండి. అరచేత్తో ఎడమ కన్ను మూసుకుని చూడండి. తర్వాత కుడి కన్ను మూసుకుని చూడండి. గీత తెర మీద ఉంటే రెండు కళ్లకీ కనపడాలి కదా. తెరకి మీ రెండు కళ్ల మధ్య పక్షపాతం చూపించే తెలివి లేదు.

బావమరిది

—

కారు షెడ్డు, డ్రైవరు సీట్లో
మార్చి 20

బావమరిదికి,

చేశాను.

ఎడమ కన్ను మూస్తే గీతలు, మెరుపు, పాలు, అన్నీ ఉన్నాయి. కుడి కన్ను మూశాను. తెర కడిగిన పలకలా ఉంది. వంతెన దగ్గర మళ్లింపు నీలం రంగులో తేటగా కనపడింది. మళ్లీ మార్చి చూశాను. చెయ్యి నొప్పి పుట్టేదాకా మారుస్తూనే ఉన్నాను, ఒక్కసారైనా గీత ఎడమ కన్నులోకి వస్తుందేమోనని. రాలేదు. ఇక పట్టుకోవడానికి ఎవరూ మిగల్లేదు.

ఆ సైకిలువాడు ఎండలోంచి ఊడిపడలేదన్నమాట. రోడ్డు మీదే ఉన్నాడు.

తాళంచెవి మీ అక్క చేతిలో పెట్టేశాను. టీచరమ్మలకి వేరే బండి చూసుకోమని చెప్పాను. లెక్కల టీచరు ఇంటికి వెళ్లి, గుమ్మంలో నిలబడి, గొడుగు తప్పు కాదని చెప్పి వచ్చాను. ఆవిడ "నాకు ముందే తెలుసు, మీకు చెప్తే నా మీద పడతారని ఊరుకున్నాను" అంది. మీ అక్క కూడా అదే మాట అంది. నాకు నిజం చెప్పడానికి ఇంతమంది భయపడుతున్నారా?

డాక్టరు శుక్లమే అన్నాడు. వచ్చే నెల పద్దెనిమిదో తేదీన ఆపరేషన్‌కి రమ్మన్నాడు. నాకు కత్తి అంటే చిన్నప్పటి నుంచీ భయం. క్షవరానికే కళ్లు మూసుకుంటాను. ఇది కంటికే. ఒక్కటే అడుగుతున్నాను, మూడేళ్ల కోపం పక్కన పెట్టి అడుగుతున్నాను. నిజంగా నీకు నొప్పి పుట్టలేదా?

బావ

—

షాపు
మార్చి 24

బావా,

పుట్టలేదు. చీమే. వెళ్లండి.

బావమరిది

—

ఇల్లు, కిటికీ పక్కన
మే 7

బావమరిదికి,

అయింది. ఇరవై రోజులయింది. డాక్టరు బండి నడపొచ్చన్నాడు. నిన్న సూర్యుడికి ఎదురుగా వెళ్లి వచ్చాను. వంతెన దగ్గర మళ్లింపు తెరలో చూసి తిరిగాను, తడుముకోలేదు. ఇద్దరు టీచరమ్మలు మళ్లీ వస్తామన్నారు. లెక్కల టీచరు నెల రోజులు చూసి చెప్తానంది. మీ అక్క గేటు స్తంభానికి సున్నం వేసింది, ముందు జాగ్రత్తగా, బాగా కనపడేలా.

చీమ కుట్టినట్టు ఉంటుందన్నావు. అలాగే ఉంది. ఆ మాటే పట్టుకుని బల్ల ఎక్కాను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నువ్వు పంపిన మ్యాట్ పొరల్లో ఒకటి మిగిలితే అతికించాను. కొత్త కంటితో చూశాను. ఒక పక్క వేలెడు వంకర. టోపీ అంచు ఎలుక కొరికినట్టుంది. కళ్లు బాగుపడిన మనిషి కోతేనా ఇది?

ఇంకా ఉంది. ముఖం మీద నీలం గుడ్డ కప్పారు. సరే, ఒక్కో చోట ఒక్కో రంగు అనుకున్నాను. డాక్టరు ఈల వెయ్యలేదు. సరే, ఆయనకి రాదేమో. కానీ కుట్లు ఎప్పుడు విప్పుతారని అడిగితే నర్సు ఫక్కున నవ్వింది. "మీకు కుట్లు ఎవరు వేశారు? ఇప్పుడు మామూలుగా కుట్లే ఉండవు, మీకీ మాట ఎవరు చెప్పారు?" అంది. పోయిన సంవత్సరం చేయించుకున్న మా బావమరిది అన్నాను. ఆవిడ పక్క నర్సు ముఖం చూసింది.

పదిమంది ముందు పగులు ఊడబెరికి చేతిలో పెట్టినప్పుడు ఎలా ఉందో, మళ్లీ అలాగే ఉంది నాకు. కానీ ఈసారి కోపం రావడం లేదు. అది వింతగా ఉంది. ఒరేయ్, నీ కళ్ల సంగతేంటి? దాచకుండా రాయి.

బావ

—

షాపు, తలుపులు దించి
మే 12

బావా,

మీ ఉత్తరం మీ చెల్లెలి చేత చదివించుకోవలసి వచ్చింది. అక్షరాలు చిన్నవి రాశారు, అనుకోండి. లేదా ఇక ఏమీ అనుకోకండి.

అన్నీ చదివి వినిపించింది. కుట్ల దగ్గర ఆగింది. "మీ ఆపరేషన్ ఎప్పుడయింది?" అంది. నేను మాట మార్చబోయి ఇంకా పెద్ద గోతిలో పడ్డాను. ఆవిడను కిటికీ వెలుగులో నిలబెట్టి, "నీకు పై పెదవి మీద పుట్టుమచ్చ ఉంది కదూ?" అన్నాను. ఉంటే బాగుండును, కనీసం అదైనా నిజమవుతుందని. ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది. తర్వాత వేళ్లెత్తి "ఎన్ని?" అంది. మూడన్నాను. రెండట.

పుట్టుమచ్చ లేదట బావా. ముప్పై ఏళ్లుగా లేదట.

రెండేళ్లుగా నా కళ్ల ముందు మంచు. మ్యాట్ పొర అతికించినట్టు, తీసే వీల్లేకుండా. మీ పొరలు అలవాటు మీద కోశాను, వంకర పోయాయి. మీ కన్ను సంగతి నేను అంత తొందరగా ఎలా పట్టానో ఎప్పుడైనా అనుమానించారా? అన్నిటినీ అనుమానించి అది ఒక్కటీ వదిలేశారు. ఆ పాలు ఒలకడం నాకు పుస్తకంలో దొరకలేదు. ఇంట్లోనే ఉంది.

మిమ్మల్ని బల్ల ఎక్కించినవాణ్ణి, నేను ఆసుపత్రి మెట్ల దాకా రెండుసార్లు వెళ్లి, ఎదురుగా ఉన్న చెప్పుల కొట్టులో దూరి తిరిగొచ్చాను. అవసరం లేని చెప్పులు రెండు జతలు ఉన్నాయి. వచ్చే గురువారానికి మీ చెల్లెలు నా పేరు రాయించింది. ఈసారి చెప్పుల కొట్టు వైపు తిరగకుండా పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. మీ బండిలో వస్తాను, ముందు సీట్లో కూర్చుంటాను, చేతులు ఒళ్లోనే పెట్టుకుంటాను, మీ తెర ముట్టుకోను.

ఒక్కటి మాత్రం మీరు నాకు ముందే చెప్పాలి. దీనికి ఉత్తరం రాయకండి బావా, ఫోన్ చేసి నోటితో చెప్పండి. అసలు ఎలా ఉంటుంది? మీకు నిజంగానే అలా అనిపించిందా, లేక నా మాట పట్టుకుని అలాగే రాశారా? ఎందుకంటే ఆ గుడ్డ, ఆ ఈల, ఆ కుట్లే కాదు, అసలు ఆ ఆపరేషనే జరగలేదు. మిమ్మల్ని బల్ల ఎక్కించిన ఆ మర్యాదస్తురాలైన చీమను నేను ఈ గాజు బల్ల వెనక కూర్చుని, పెన్ను చివర కొరుక్కుంటూ, పూర్తిగా నా బుర్రలోంచే పుట్టించాను.

మీ బావమరిది